పసిచేతులను గౌరవించిన వైద్యురాలు: మరియా మాంటిస్సోరి

మార్కు సువార్త 10వ అధ్యాయములో కొందరు తమ చిన్నబిడ్డలను ప్రభువునొద్దకు తెచ్చిన సంగతి మనమందరము ఎరిగినదే. శిష్యులు వారిని గద్దించిరి. శిష్యులు చెడ్డవారని కాదు. పెద్దల పనికి పిల్లలు అడ్డమని తలంచిరి, అంతే. ప్రభువు అది చూచి కోపపడి, బిడ్డలను ఎత్తి కౌగిలించుకొని ఆశీర్వదించెను. శిష్యులు చేసిన పొరపాటునే మన ఇండ్లలో దినమునకు పదిమార్లు మనము చేయుచున్నాము. మూడేండ్ల బిడ్డ చేట పట్టుకొనిన లాగుకొందుము. చెంబు ముట్టిన కసరుదుము. పిండి తాకిన చేతిమీద కొట్టుదుము. తరువాత అదే బిడ్డను కదలక మెదలక కూర్చుండబెట్టి అక్షరములు దిద్దుమందుము.

ఈ నెల మేము చెప్పబూనిన జీవితము, చిన్నబిడ్డ చేతిని పెద్దలు ఎట్లు చూడవలెనో లోకమునకు నేర్పిన ఒక స్త్రీది. ఆమె పేరు మన పట్టణములలో బడుల బోర్డులమీద కనబడుచునే యున్నది. ఆమె ఎవరో తెలిసినవారు మాత్రము కొద్దిమంది.

మరియా మాంటిస్సోరి 1870 ఆగస్టు 31న ఇటలీ దేశమందలి క్యారవల్లె అను చిన్న ఊరిలో జన్మించెను. తండ్రి అలెస్సాండ్రో ప్రభుత్వోద్యోగి. తల్లి రెనిల్దె చదువనిన ప్రాణము పెట్టునది. మరియా చిన్నతనముననే కుటుంబము రోమా నగరము చేరెను. ఆ కాలములో చదువుకొనిన ఆడపిల్ల పంతులమ్మ కావలెను. అంతకు మించి కోరుట వింత. మరియా వైద్యము చదువబూనెను. తండ్రికి అది ఇష్టము లేదు. తల్లి అండగా నిలిచెను. శవచ్ఛేదన పాఠమును మగవిద్యార్థులతో కలిసి నేర్చుకొనుట తగదనిరి గనుక, అందరును వెళ్లిపోయిన తరువాత ఆమె ఒంటరిగా ఆ గదిలో నిలిచి నేర్చుకొనవలసి వచ్చెను. ఆమె వెనుదీయలేదు. 1896లో రోమా విశ్వవిద్యాలయమునుండి వైద్యపట్టము పొందెను.

ఆ దినములలో బుద్ధిమాంద్యముగల పిల్లలను మతిస్థిమితము లేనివారి ఆసుపత్రులలో ఉంచుచుండిరి. అక్కడ జరిగిన ఒక సంగతిని ఆమెనుగూర్చి చెప్పుదురు. భోజనమైన తరువాత పిల్లలు నేలమీద ప్రాకుచు రొట్టెముక్కలను ఏరుకొనుచుండిరట. కావలియైన స్త్రీ వారిని తిండిపోతులని అసహ్యించుకొనెను. మరియా ఆ గదిని నాలుగు వైపుల చూచెను. పట్టుకొనుటకు గాని, తిప్పుటకు గాని, పేర్చుటకు గాని అందులో ఒక్క వస్తువైనను లేదు. వారిది కడుపు ఆకలి కాదు, చేతుల ఆకలి అని ఆమె గ్రహించెను. ఇటార్, సెగాన్ అను ఫ్రెంచి వైద్యులు వ్రాసిన గ్రంథములను ఆమె శ్రద్ధగా చదివి, వారి మార్గమున ఆ పిల్లల చేతులకు పని కల్పించెను. వారిలో కొందరు చదువ వ్రాయ నేర్చి, మామూలు పిల్లలతోపాటు పరీక్షలలో కృతార్థులైరి. లోకము ఆశ్చర్యపడెను. ఆమె మాత్రము వేరొక సంగతికి ఆశ్చర్యపడెను. ఈ పిల్లలు ఇంత దూరము రాగలిగినప్పుడు, ఆరోగ్యముగల పిల్లలను బడులు ఎందుకు ఇంత వెనుక నిలుపుచున్నవి అని ఆలోచింప మొదలుపెట్టెను.

ఇచ్చట ఆమె జీవితమందలి దుఃఖమును దాచక చెప్పవలెను. తోటి వైద్యుడైన జుసెప్పె మోంతెసానో వలన ఆమెకు 1898 మార్చి 31న ఒక కుమారుడు కలిగెను. వారికి వివాహము కాలేదు. ఆ సంగతి బయటపడిన ఆమె ఉద్యోగము, పేరు రెండును పోవును. మారియో అను ఆ శిశువును పల్లెలో ఒక కుటుంబమునకు పెంపకమునకిచ్చిరి. తరువాత మోంతెసానో వేరొక స్త్రీని వివాహమాడెను. మరియా అప్పుడప్పుడు వెళ్లి బిడ్డను చూచి వచ్చుచుండెను, తల్లినని చెప్పుకొనలేకపోయెను. మారియోకు పదునైదేండ్ల ప్రాయమున తల్లీ కుమారులు ఒక్కటైరి. అప్పుడును లోకము ఎదుట ఆయనను తన బంధువని చెప్పుకొనెను. లోకమందలి పిల్లలకు తల్లివంటిదైన ఈమె తన బిడ్డకు ఉగ్గు పెట్టలేదు, తన బిడ్డ తొలి అడుగులను చూడలేదు. తీర్పు తీర్చుట మన పని కాదు. ఆ కొరతయే ఆమెను ఇతరుల పిల్లలయొద్ద అంత ఓర్పుగా కూర్చుండజేసెనేమో దేవునికే తెలియును.

1907 జనవరి 6న, జ్ఞానుల పండుగ దినమున, రోమా నగరములో సాన్ లోరెంజో అను బీదల పేటలో చిన్నపిల్లల ఇల్లు అను పేరుతో ఒక గది తెరువబడెను. ఆ పేటలో తలిదండ్రులు కూలికి పోగా పిల్లలు మెట్లమీద తిరుగుచు గోడలు పాడుచేయుచుండిరి. గోడలు బాగుండవలెనని ఇండ్ల యజమానులు ఆ గది నిచ్చిరి! మూడు మొదలు ఆరేండ్ల లోపు పిల్లలు సుమారు 50 మంది చేరిరి. ఆ పండుగ దినమున చదువబడు యెషయా 60వ అధ్యాయమును తలంచుకొని, ఈ బీద గదిలోను ఒక వెలుగు ఉదయింపవచ్చునని ఆమె నిరీక్షించెను.

అక్కడ ఆమె బోధించినదానికంటె చూచినది ఎక్కువ. మూడేండ్ల బాలిక ఒకతె కొయ్య దిమ్మెలను వాటి రంధ్రములలో అమర్చుచుండెను. చుట్టును పిల్లలచేత పాటలు పాడించినను, ఆ బాలికను కుర్చీతో సహా ఎత్తి బల్లమీద పెట్టినను, ఆమె తల ఎత్తలేదు. ఆ పనిని 42 మార్లు చేసి, నిద్రనుండి లేచినదానివలె తృప్తిగా నవ్వి చాలించెను. ఒకనాడు మరియా ముక్కు శుభ్రముగా తుడుచుకొను విధమును మెల్లగా చేసి చూపెను. పిల్లలు చప్పట్లు కొట్టిరి. ముక్కు విషయమై అంతవరకు తిట్టినవారే గాని నేర్పినవారు లేరు గదా! మరియొకనాడు ఎవరో గుండ్రముగాను నలుచదరముగాను చేసిన బిస్కత్తులు పంచిరి. పిల్లలు వెంటనే తినక, ఇది గుండ్రము, ఇది చదరము అని పోల్చి చూచుకొనుచుండిరి. మధ్యాహ్నవేళ నాలుగేండ్ల పిల్లలు పులుసుగిన్నెలను మోసి తోటివారికి వడ్డించిరి. గరుకు కాగితముతో చేసిన అక్షరములను వ్రేళ్లతో తడిమి తడిమి, ఒకనాడు సుద్దముక్క తీసికొని తామే వ్రాయసాగిరి.

అచిరకాలములోనే ఆమె పద్ధతి అనేక దేశములకు వ్యాపించెను. అధికారములో ఉన్నవారికి అది అంతట ఇష్టము కాలేదు. ఇటలీలో ముస్సోలినీ ప్రభుత్వముతో విభేదము కలిగి 1934లో ఆమె స్వదేశము విడిచెను. స్పెయినులో నివసించుచుండగా 1936లో అక్కడ అంతర్యుద్ధము లేచెను. పిమ్మట హాలెండులో ఆశ్రయము పొందెను.

1939 చివర, 69 ఏండ్ల వయస్సున, ఆమె మద్రాసు చేరెను. అప్పుడు మన మార్కాపురం, గిద్దలూరు ప్రాంతములు కర్నూలు జిల్లాలో, మద్రాసు రాజధానిలో ఉండెను. కనుక ఆమె వచ్చినది మన రాజధానికే. అడయారులో తాటాకు పాకలలో దేశము నలుమూలలనుండి సుమారు 300 మంది ఆమెయొద్ద శిక్షణ పొందిరి. ఆమె ఇటలీ భాషలో చెప్పగా మారియో ఇంగ్లీషున వివరించెను. కొన్ని నెలలు ఉండి వెళ్లవలెనని వచ్చిన ఆమెను యుద్ధము ఆపెను. 1940 జూన్‌లో ఇటలీ యుద్ధములో ప్రవేశింపగా, శత్రుదేశస్థులని మారియోను నిర్బంధ శిబిరమునకు పంపి, ఆమెను అడయారు దాటి పోరాదనిరి. ఆ ఆగస్టు 31న ఆమెకు 70 ఏండ్లు నిండెను. జన్మదిన కానుకగా ఆమె కుమారుని విడుదల చేయుచున్నామని వైస్రాయి తంతి పంపెను. నలువది ఏండ్లు దాచిన మాటను ఆ తంతి బహిరంగముగా పలికెను. చెరలో దొరికిన కానుక అది!

తరువాత కొన్నేండ్లు కొడైకెనాలులో ఉండి, అప్పుడే పుట్టిన శిశువులను సహితము ఆమె పరిశీలించెను. 1946లో ఐరోపాకు తిరిగి వెళ్లి, మరల ఒకసారి మన దేశమునకు వచ్చెను. 1952 మే 6న హాలెండులో, సముద్రతీరమందలి నూర్ద్‌వైక్ గ్రామములో, 81 ఏండ్ల వయస్సున మరణించి అక్కడనే సమాధి చేయబడెను. ఆమె రోమను కతోలికురాలు. అడయారులో ఆమెకు ఆతిథ్యమిచ్చినవారు దివ్యజ్ఞాన సమాజమువారు. మన సిద్ధాంతములు వేరు. అయినను చిన్నబిడ్డనుగూర్చి ఆమె చూచినది సత్యము. సత్యము ఎక్కడ దొరికినను అది దేవునిదే.

ప్రియులారా, చేతిపని మంచిదని విన్నంత మాత్రమున మనము త్రోవ తప్పరాదు. మార్కాపురం పలక దేశమంతట పేరు పొందినది. ఎందరో పిల్లలు దానిమీద ఓనమాలు దిద్దుకొనిరి. అయితే ఆ పలకల పనిలో మన పిల్లల చేతులును అరిగిపోయెను. 1988లో కేంద్ర ప్రభుత్వము బాలకార్మికుల విడుదలకై పథకము ఆరంభించినప్పుడు, మొదట ఎంచుకొనిన స్థలములలో మార్కాపురం పలకల పరిశ్రమ యొకటి. ఇతరుల బిడ్డలు చదువుటకు పలకలు చేసి, తాము చదువులేక పోయిన బిడ్డలు మన మధ్యనే పెరిగిరి. కూలికొరకు బిడ్డ చేతిని వాడుకొనుట ఒకటి. బిడ్డ ఎదుగుటకు ఆ చేతికి పని ఇచ్చుట మరియొకటి. మొదటిది పాపము, రెండవది ప్రేమ. మొదటిదానిలో పని పూర్తి కావలెను. రెండవదానిలో బిడ్డ పూర్ణుడు కావలెను.

దీనికి డబ్బు అక్కరలేదు. నెలలో నాలుగు వారములకు నాలుగు బైబిలు కథలను మేము సూచించుచున్నాము. మొదటి వారము సృష్టి కథ. పలకమీద గంజితో ఒక అక్షరము వ్రాసి సన్నని ఇసుక చల్లి ఆరనిచ్చిన, బిడ్డ వ్రేలితో తడిమి నేర్చుకొనును. వెలుగు అను మాటలోని మొదటి అక్షరముతో ఆరంభింపుడు. రెండవ వారము నోవహు ఓడ. శనగలు, అలసందలు, చింతపిక్కలు ఒక చేటలో కలిపి, మూడు గిన్నెలలోనికి వేరుచేయనిండు. కాగితపు పడవ చేసి అందులో జతలు జతలుగా ఎక్కింపనిండు. నానబెట్టిన శనగలను మీరు ఉడికించి గుగ్గిళ్లు చేసిన, బిడ్డ ఇంటిల్లిపాదికి పంచును. మూడవ వారము అయిదు రొట్టెలు, రెండు చేపలు. జొన్నపిండి ముద్ద ఇచ్చి, అయిదు చిన్న రొట్టెలను, రెండు చేప బొమ్మలను చేయనిండు. పెనముమీద కాల్చుట మీ పని. తినకముందు లెక్కపెట్టి, ఇరుగుపొరుగు బిడ్డకు మొదట ఇచ్చి, మిగిలిన ముక్కలను బుట్టలో ఎత్తవలెను. నాలుగవ వారము ఆవగింజ. కొబ్బరిచిప్పలో మన్ను పోసి విత్తి, చిన్న చెంబుతో నీళ్లు పోయనిండు. మొలక వచ్చునప్పుడు ప్రసంగము అక్కరలేదు.

రెండు జాగ్రత్తలు. మూడేండ్లు నిండని బిడ్డకు గింజలు ఇయ్యరాదు. ముక్కులోనో గొంతులోనో చిక్కును. పెద్ద పిల్లలయొద్దను పెద్దవారు కూర్చుండవలెను. రెండవది, బిడ్డ ఒకే పనిని మరల మరల చేయుచుండిన విసుగుకొని ఆపరాదు. ఆ 42 మార్లను జ్ఞాపకము చేసికొనుడు.

మన పల్లెలలో ఎందరో తలిదండ్రులు వానలు లేని యేడు పనికొరకు హైదరాబాదుకో బెంగుళూరుకో పోయి, పసిబిడ్డలను అవ్వలయొద్ద విడిచి వెళ్లుచున్నారు. వారి గుండెకోత మాకు తెలియును. మరియాకును ఆ కోత తెలిసియే యుండును. హన్నా తన సమూయేలునకు ఏటేట చిన్న అంగీ కుట్టి తీసికొని వెళ్లెను. దూరముననున్నను ఆమె చేతులు బిడ్డను మరువలేదు. తిమోతికి విశ్వాసము మొదట అవ్వయైన లోయిలో కనబడినదని పౌలు జ్ఞాపకము చేసెను. కాబట్టి అవ్వలారా, మీ చేట, మీ చెంబు, మీ పిండిగిన్నె, ఇవే మీ బడి. బిడ్డ చేయి వాటిపై పడినప్పుడు లాగివేయకుడి. ప్రభువు ఎత్తుకొనిన బిడ్డ చేయియే అది.

ప్రార్థన: ప్రభువా, మా పనుల తొందరలో నీ చిన్నవారిని అడ్డగించిన మమ్మును క్షమింపుము. దూరమున కూలిచేయు తలిదండ్రులను, బిడ్డలయొద్దనున్న అవ్వలను బలపరచుము. మా ఇండ్లలోని పసిచేతులను నీ చేతులలో ఉంచుకొనుము. ఆమేన్.