కొమరోవ్: మట్టి పోసి ఆర్పిన మంట

గడ్డివాముకు నిప్పంటుకుంటే ఊర్ల ఏం చేస్తరో మీకు చెప్పే పని లేదు. టౌను నుంచి ఫైరింజను వచ్చేదాంక ఆగరు. బిందెలు, తడిపిన గోనెసంచులు, పారలు, మట్టి. 1967 ఏప్రిల్ 24 పొద్దుగాల రష్యాల ఓరెన్‌బర్గ్ దిక్కు మైదానంల పల్లెజనం గదే పని చేసిన్రు. కాకుంటే అక్కడ కాలుతున్నది వాము కాదు, అంతరిక్షం నుంచి పడ్డ సోయుజ్-1. అందుల ఉన్న మనిషి వ్లాదిమిర్ కొమరోవ్.

ఈయన మీద మీ ఫోన్లల్ల వీడియోలు తిరుగుతుంటయి. సర్కారును తిట్టుకుంట, ఏడ్చుకుంట సచ్చిపోయిండని చెప్తరు. అంతరిక్ష చరిత్రను పట్టి చదివినోళ్లు ఆ కథను ఒప్పుకోరు. నేను కూడ ఒప్పుకోను. ఉన్న నిజమే శానా బరువు, దానికి మసాలా ఎందుకు?

1927ల మాస్కోల పుట్టిండు. తండ్రి దొరికిన పని చేసుకునే కూలి మనిషి. యుద్ధం నడుస్తున్న 1942ల, పదిహేనేండ్లకే వైమానిక బడిల చేరిండు. పైలట్ అయినంక గూడ చదువు ఇడువలే. 1959ల మాస్కోల వైమానిక ఇంజినీరింగ్ అకాడమీ నుంచి బయటికొచ్చిండు, మరుసటేడు గగారిన్‌తోని కలిసి మొదటి కాస్మొనాట్ల జట్టుల పడ్డడు. జట్టుల ఎక్కువ మంది పిల్లగాండ్లే, ఈయనకు ముప్పై దాటినయి. నడుమ గుండె కొట్టుకునుడు సక్కగ లేదని డాక్టర్లు పక్కకు పెట్టిన్రు. ఊకోలే. డాక్టర్ల చుట్టు తిరిగి తిరిగి మళ్ల జట్టుల నిలవడ్డడు.

1964 అక్టోబర్ 12న వొస్కోద్-1ల ముగ్గురిని ఎక్కించి పంపిన్రు. ఒకటే ఓడల ముగ్గురు పోవుడు లోకంల అదే మొదటిసారి. జాగ సాలక స్పేస్ సూట్లు తీసేసిన్రు, ఉత్త బట్టలతోనే పోయిన్రు. దాని కమాండర్ కొమరోవే. దిగిన మరునాడే క్రుశ్చేవ్ గద్దె పోయింది.

ఇగ సోయుజ్ సంగతి. ఇది కొత్త ఓడ. మనుషులు లేకుంట మూడుసార్లు పరీక్ష పెట్టిన్రు, మూడుసార్లూ దెబ్బతిన్నది. మొదటిది కట్టు తప్పింది. రెండోది 1966 డిసెంబర్ 14న నేల మీద ఉండంగనే అంటుకున్నది. ఇంజన్లు ఆగిపోయినయని మనుషులు దగ్గరికి పోయిన్రు, అంతల ఆపదల ఓడను పైకి గుంజే రాకెట్ దానంతటదే లేసింది, కింద మంటలు లేసి రాకెట్ పేలింది. అక్కడ ప్రాణం గూడ పోయింది. మూడోదానికి అడుగున బొక్క కాలి, అరల్ సముద్రం మంచు మీద పడి మునిగింది.

అయినా నాలుగోసారి మనిషినే ఎక్కించిన్రు. విప్లవానికి యాభై ఏండ్లు నిండే సంవత్సరం, అమెరికాతోని పోటీ, పెద్ద ఇంజినీరు కొరలియోవ్ ఏడాది కిందనే సచ్చిపోయె. వాల్వు కారుతున్నదని హెల్పరు మొత్తుకున్నా, ఆర్డర్ డేటు దగ్గరపడ్డదని మిషిని ఆపని కంపెనీలు మనకాడ లేవా? గసొంటి లెక్కనే ఇది కూడ. మాస్కోలయినా, మన ఇండస్ట్రియల్ ఏరియాలయినా తేదీ ఖరారు చేసేటోడు ఓడల కూసోడు.

ఏప్రిల్ 23న ఎగిరింది. పోంగనే ఎడమ దిక్కు సోలార్ రెక్క తెరుసుకోలే, కరెంటు సగమే. ఓడను సూర్యుని దిక్కు తిప్పబోతే మాట వినలే. తెల్లారి బికోవ్‌స్కీ, యెలిసెయెవ్, ఖ్రునోవ్ రెండో ఓడల పోయి దీనితోని కలువాలె. ఆ ప్రయాణం ఆపేసిన్రు. కొమరోవ్ చేతులతోనే ఓడను సరిచేసి, ఇంజన్ కొట్టి, భూమి దిక్కు మళ్లించిండు. మామూలు పైలటుతోని అయ్యే పని కాదది.

ఆఖరికి పారాచూట్ మోసం చేసింది. చిన్నది వచ్చింది, పెద్దది పెట్టెల నుంచి ఊడి రాలే. ఇంకోటి ఇడిస్తే అది చిన్నదానికి చుట్టుకున్నది. గంటకు సుమారు 140 కిలోమీటర్ల జోరుతోని నేలకు తగిలింది. మెత్తగ దించేటందుకు అడుగున పెట్టిన రాకెట్లు దెబ్బ తగిలినంక పేలినయి. లోపల ట్యాంకులల్ల హైడ్రోజన్ పెరాక్సైడ్ మిగిలే ఉన్నది. అది ఆక్సిజన్ ఇడిసే సరుకు, మంటకు గాలి ఊదినట్టు. హెలికాప్టర్ల దిగినోళ్లు తెచ్చిన నురుగు డబ్బాలు ఖాళీ అయినయి, మంట ఆరలే. పారలే పట్టుకున్నరు. మంటకు అందే గాలిని మట్టి ఆపింది.

ఏం జరిగితే ఏ రంగు తారాజువ్వ కాల్చాలెనో రెస్క్యూ దళానికి ముందే చెప్పి పంపిన్రు. మనిషి సచ్చిపోతే కాల్చే రంగు మాత్రం ఆ లెక్కల లేదు. డాక్టరు కావాలె అనే సైగనే ఇచ్చిన్రు. దాంతోని కొమరోవ్ బతికే ఉన్నడని పైవాళ్లు కొంతసేపు అనుకున్నరు.

నలభై ఏండ్లు ఆయనకు. భార్య, ఇద్దరు పిల్లలు. ఏప్రిల్ 26న క్రెమ్లిన్ గోడల అస్తికలు పెట్టిన్రు. పెద్ద మర్యాదనే, కాదనను. గదే మర్యాద ఓడ ఎక్కకముందు ఆయన ప్రాణానికి ఇయ్యాలె గద.

విచారణల తేలిందేందంటే, పెట్టెల పారాచూట్ బిగుసుకపోయింది, గుంజే బలం సాలలే. రెండో ఓడల గూడ అదే తీరు పెట్టె! అది ఎగిరి ఉంటే ఇంకో ముగ్గురు పోతుండె. ఏడాదిన్నర దాక మనుషులను పంపకుంట పారాచూట్ పని సరిచేసిన్రు. హైదరాబాద్‌ల చదువుకున్న మన రాకేశ్ శర్మ 1984ల ఎక్కింది గీ సోయుజ్ కుటుంబం ఓడనే. ఆ పొద్దు ఆగిపోయినోళ్లల్ల యెలిసెయెవ్, ఖ్రునోవ్ 1969 జనవరిల మళ్ల ఎగిరిన్రు. సోయుజ్-5ల నుంచి బయటికొచ్చి, ఆకాశంల నడిచి సోయుజ్-4లకు పోయిన్రు. కొమరోవ్ ఓడలకు రావాల్సినోళ్లు వాళ్లే.