మందు కనిపెట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు



చలి ఇంకా పోలేదు. మన ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బండ్లు రావడం కూడా మొదలైంది. రాత్రయితే హాలంతా దగ్గులే. అందుకే ఈసారి ఒక మందుల శాస్త్రవేత్త గురించి రాస్తున్నాను.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఇంట్లో పేదరికం. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి పాసయ్యారు. అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే విరేచనాల జబ్బుతో చనిపోయారు. ఆ జబ్బుకు మందు కనుక్కోవాలని ఆయన మనసులో పడింది. మద్రాసులో డాక్టరు చదువు చదివారు. గాంధీగారి మాట విని ఖద్దరు కట్టినందుకు ఒక ప్రొఫెసరుకు కోపం వచ్చింది, అందుకని పెద్ద డిగ్రీ ఇవ్వలేదు. అయినా చదువు ఆపలేదు. అమెరికా వెళ్లి, ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాలు ఎత్తే పని చేసుకుంటూ చదివారు. 1930లో పి.హెచ్.డి. పొందారు.

1940లో లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ యాసిడ్ తయారుచేసింది. అది స్ప్రూకి పనికొచ్చింది. రక్తం పట్టడానికి మనం మింగే ఐరన్ మాత్రలో ఉండేది కూడా అదే! బోదకాలుకు ఇచ్చే డి.ఇ.సి. మందు కూడా వాళ్లదే. 1948లో ఆరియోమైసిన్ బయటికి వచ్చింది. మట్టిలోని సూక్ష్మజీవి నుండి తీసిన మందు అది, న్యుమోనియా లాంటి జబ్బులకు పనిచేసింది. అదే ఏడాది ఆగస్టులో ఆయన న్యూయార్క్‌లో కన్నుమూశారు. 53 ఏళ్లే. మళ్లీ మన దేశం రానేలేదు.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. పోయిన చలికాలం మా పక్క మంచం చెల్లికి జలుబు, జ్వరం వచ్చింది. ఇంటికి పంపుతారని భయపడి మేడమ్‌కు చెప్పలేదు. నా పెట్టెలో మిగిలిన క్యాప్సూల్ ఒకటి ఉంటే నేనే ఇచ్చాను. తగ్గలేదు. మూడో రోజుకు ఎగపోయింది. అప్పుడు ఏడ్చుకుంటూ వెళ్లి మేడమ్‌కు చెప్పాను. డాక్టరు న్యుమోనియా అన్నారు. సరైన మందు పడింది, బతికింది.

జలుబు, ఫ్లూ వైరస్ వల్ల వస్తాయి. ఆరియోమైసిన్ లాంటి మందులు బాక్టీరియాకే పనిచేస్తాయి, వైరస్‌కు పనిచేయవు. ఏది ఎప్పుడు వేయాలో డాక్టరుకే తెలుసు. మనం చేయాల్సింది వేరే. సబ్బుతో చేతులు కడగాలి. దగ్గేటప్పుడు చున్నీ అడ్డం పెట్టుకోవాలి. ఒకరి తువ్వాల, గ్లాసు ఇంకొకరు వాడొద్దు. వేడి నీళ్లు తాగాలి. ఎగపోస్తే, జ్వరం తగ్గకపోతే ఆ రాత్రే చెప్పాలి.

మేడమ్, జ్వరం అని చెప్పిన పిల్లను కోప్పడకండి. అప్పుడు ఎవ్వరూ దాచరు.

9వ తరగతి విద్యార్థిని