‘స్వరాజ్య’ పత్రికకు సర్వస్వం ధారపోసిన ప్రకాశం పంతులు

ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులు పేరు వినగానే 1928లో మద్రాసులో సైమన్ కమిషన్ బహిష్కరణ నాడు తుపాకులకు రొమ్ము చూపిన సంగతే గుర్తుకు వస్తుంది. పత్రిక నడిపి ఆయన చితికిపోయిన సంగతి, జమీందారీ రైతుల గోడు సర్కారు చేత వినిపించుకున్న సంగతి తెలిసినవారు తక్కువ.

ఒంగోలుకు సమీపంలోని వినోదరాయునిపాలెంలో 1872 ఆగస్టు 23న ఆయన జన్మించారు. చిన్నతనంలోనే తండ్రి పోగా, తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్లు పెట్టి పిల్లలను సాకింది. గురువు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు ప్రాపకంతో రాజమండ్రిలో చదువు సాగింది. ఇంగ్లండు వెళ్లి బారిష్టరయి వచ్చి, మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు పెట్టి బాగా గడించారు. 1921లో గాంధీజీ పిలుపుపై దానికి స్వస్తి చెప్పారు.

ఆ సంవత్సరమే మద్రాసులో ‘స్వరాజ్య’ ఇంగ్లీషు దినపత్రిక పెట్టారు. తర్వాత తెలుగులో, తమిళంలో కూడా తెచ్చారు. ఖాసా సుబ్బారావు, కోటంరాజు రామారావు వంటి ఉద్దండులు అందులో పనిచేశారు. వాటాలు అమ్మగా వచ్చిన డబ్బు చాలలేదు. సిబ్బందికి జీతాలు సరిగా అందేవి కావు. అయినా చాలామంది పంతులుగారి ముఖం చూసి ఉండిపోయారు. ఒక్క పత్రికకే చాలీచాలని డబ్బుతో మూడు భాషల్లో నడపబూనడం ఆయన సాహసమే గాని లెక్క తెలిసిన పని కాదు. కోర్టులో గడించినదంతా కరిగిపోయి అప్పులు మీద పడ్డాయి. 1930ల నడిమికి ‘స్వరాజ్య’ మూతపడింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే పల్లెల్లో రైతు కడుపు మండుతున్నది. 1929లో మొదలైన ఆర్థిక మాంద్యంలో ధాన్యం ధర సగానికి సగం పడిపోయింది. జమీందారుకు కట్టవలసిన శిస్తు మాత్రం పైసా తగ్గలేదు. ధర బాగున్న రోజుల్లో ఒక బస్తా అమ్మితే తీరే బాకీకి రెండు బస్తాలు అమ్మవలసి వచ్చింది. ఆనాడు నెల్లూరు జిల్లాలో ఉన్న పొదిలి, దర్శి ప్రాంతాలు వెంకటగిరి జమీందారీ కిందివే. ఆ ఎస్టేటు రైతుల ఆందోళన మద్రాసు దాకా వినిపించింది. ఇచ్ఛాపురం నుంచి మద్రాసుకు రైతులు కాలినడకన యాత్ర సాగించారు.

1937లో రాజాజీ మంత్రివర్గంలో పంతులుగారు రెవెన్యూ మంత్రి అయ్యారు. జమీందారీ విచారణ సంఘానికి ఆయనే అధ్యక్షులు. రైతుల వాంగ్మూలాలు, పాత రికార్డులు పరిశీలించి 1938లో నివేదిక ఇచ్చారు. భూమికి హక్కుదారు రైతేనని, జమీందారు శిస్తు వసూలుదారు మాత్రమేనని అందులో తేల్చారు. శిస్తును 1802 నాటి శాశ్వత బందోబస్తు కాలపు మట్టానికి దించాలన్నారు. చట్టం వచ్చేలోగా 1939లో మంత్రివర్గం రాజీనామా చేసింది. రైతు మరి తొమ్మిదేళ్లు ఆగవలసి వచ్చింది. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చేనాటికి పంతులుగారు పదవిలో లేరు.

1946లో మద్రాసు రాష్ట్ర ప్రధానిగా, 1953లో ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రిగా పనిచేసినా చేతిలో చిల్లిగవ్వ మిగల్చుకోలేదు. 1957 వేసవిలో, 84 ఏళ్ల వయసులో, ఒంగోలు ప్రాంతంలో పర్యటిస్తూ వడదెబ్బ తిన్నారు. హైదరాబాదులో చికిత్స పొందుతూ మే 20న కన్నుమూశారు. 1972లో ఒంగోలు జిల్లాకు ఆయన పేరు పెట్టారు.