పాటలో ఉన్న కొమురం భీం

నేను మన కొమురం భీం జీవితం గురించి రాస్తున్నాను.

భీం 1901లో ఆసిఫాబాద్ దగ్గర సంకేపల్లిలో పుట్టాడు. గోండు బిడ్డ. చిన్నప్పుడే తండ్రి అడవి జవాన్ల చేతిలో చనిపోయిండు. అప్పుడు వాళ్ళ కుటుంబం సుర్దాపూర్ పోయి పోడు చేసుకున్నది. పంట చేతికొచ్చేసరికి సిద్దీఖ్ అనేటాయన ఆ భూమి తనదన్నాడు. కొట్లాటలో సిద్దీఖ్ చచ్చిపోతే భీం ఊరు విడిచిపోయిండు. చాందాలో చదవడం, రాయడం నేర్చుకున్నాడు. అస్సాం తేయాకు తోటల్లో కూలి చేసిండు. తిరిగొచ్చి జోడేఘాట్ చుట్టుపక్కల 12 గూడేలను ఒక్కటి చేసి జల్, జంగల్, జమీన్ కోసం నిజాం సర్కారుతో పోరాడిండు. 1940లో ఆశ్వయుజ పౌర్ణమి నాడు పోలీసు తుపాకులకు తోటివాళ్ళతో పాటు అమరుడయ్యాడు.

ఇదంతా నేను ముందు పుస్తకంలో చదవలేదు, పాటలో విన్నాను. ఏటా ఆ పౌర్ణమికి మా చుట్టాలందరూ కూడుతరు. బాపమ్మ గోండిలో పాట ఎత్తుకుంటది. అమ్మ, చిన్నమ్మలు అందుకుంటరు. పిల్లలం వంత పాడుతం. బాపమ్మకు అక్షరం రాదు, కానీ ఎవరన్నా ఒక్క గూడెం పేరు వదిలేస్తే పాట ఆపి మళ్ళీ మొదటి నుంచి పాడిస్తది.

ఆ పౌర్ణమి దసరా పోయినంక వస్తది. అప్పటికి మనం హాస్టల్లో ఉంటం. మూడేళ్ళ నుంచి నేను ఆ పాట పాడలేదు. కొన్ని మాటలు నోటికి వస్తలేవు.

వార్డెన్ మేడం గారికి మా మనవి. ఈసారి ఆ రాత్రి స్టడీ అవర్ అయినంక వరండాలో ఒక గంట కూర్చోనియ్యండి. ఎవరికొచ్చిన చరణం వాళ్ళు పాడితే పాట పూర్తయితది.

జై కొమురం భీం!