స్నేహితులను అడిగిన బిషప్ అజరయ్య

కళ్ల ఎదుట ఉన్న సోదరుణ్ని పక్కన పెట్టి, కంటికి కనిపించని దేవుణ్ని ప్రేమించడం సాధ్యం కాదన్నది అపొస్తలుడైన యోహాను బోధ. ఈ సంగతి బైబిలు చదివే వారందరికీ తెలుసు. తెలిసినంత సులువు కాదు ఆచరించడం. దేవుణ్ని తెలుసుకోవాలని మోకరించే మనమే, పక్కవాణ్ని తెలుసుకోవడానికి నాలుగు అడుగులు నడవం. తెలుగునేల మీద ఆ నాలుగు అడుగులూ నడిచి చూపిన వారిలో బిషప్ వి.ఎస్. అజరయ్య ముందువరుసలో ఉంటారు. విజయవాడలో ఆయన పేరు పెట్టుకున్న బడి ఉంది. ఆయన ఎవరో, ఏం చేశారో మాత్రం మన యువతలో చాలామందికి తెలియదు.

వేదనాయగం సమూయేలు అజరయ్య 1874 ఆగస్టు 17న తమిళదేశంలోని తిరునల్వేలి జిల్లా వెల్లాళన్‌విళై గ్రామంలో జన్మించారు. తండ్రి తోమా వేదనాయగం సంఘ కాపరి. తల్లి ఎల్లెన్ ప్రార్థనాపరురాలు. వారు నాడార్ కులస్తులు. ఆ రోజుల్లో నాడార్లను గుడి లోపలికి రానిచ్చేవారు కారు. కులం పేరుతో ఒక మనిషిని గుమ్మం బయట నిలబెడితే ఎలా ఉంటుందో అజరయ్యకు ఎవరూ పుస్తకం తెరిచి చెప్పనక్కర లేకపోయింది. 1889లో తండ్రి ప్రభువు సన్నిధికి చేరుకున్నారు. తల్లి పెంపకంలో, బైబిలు నీడలో ఆయన పెరిగారు.

మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివినా పట్టా చేతికి రాలేదు. 1895లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా పరిచర్యలో చేరారు. అక్కడే షేర్‌వుడ్ ఎడ్డీ అనే అమెరికా యువకునితో పరిచయమైంది. ఇద్దరూ కలిసి ప్రయాణించారు, కలిసి ప్రార్థించారు, కలిసి సువార్త ప్రకటించారు. తెల్లవాడికీ నల్లవాడికీ మధ్య నిజమైన స్నేహం సాధ్యమేనని ఆయన ఆ అనుభవంతో తెలుసుకున్నారు. అలాంటి స్నేహం ఎంత అరుదో కూడా అప్పుడే తెలిసింది. 1898లో ఆయనకు అంబు మరియమ్మాళ్‌తో వివాహమైంది. ఆడపిల్లలు కాలేజీ మెట్లెక్కడమే వింతగా చూసే ఆ కాలంలో ఆమె కళాశాల విద్య అభ్యసించారు.

1902లో అజరయ్య సింహళంలోని జాఫ్నా వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత ఖర్చుతో ఇతర ప్రాంతాలకు సువార్తికులను పంపుతున్నారు. ఆ దృశ్యం ఆయన్ను నిలదీసింది. తరతరాలుగా విదేశీయుల నుంచి సువార్తను అందుకున్న తిరునల్వేలి సంఘం, తాను ఎవరికీ ఏమీ ఇవ్వడం లేదు. తిరిగి రాగానే మిత్రులతో కలిసి 1903లో తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించారు. 1905లో సేరంపూరులో జాతీయ మిషనరీ సంఘం ఏర్పడటంలోనూ ఆయనదే ముఖ్యపాత్ర. తిరునల్వేలి సొసైటీ నిజాం రాజ్యంలోని తెలుగు పల్లెలను తన సేవాక్షేత్రంగా ఎంచుకుంది.

ఇతరులను వెళ్లమని చెప్పి తాను మద్రాసులో ఉండిపోవడం అజరయ్యకు చేతకాలేదు. 1909లో గురువుగా అభిషేకం పొంది, పేరున్న ఉద్యోగం వదిలి, భార్యాబిడ్డలతో డోర్నకల్ చేరుకున్నారు. ఖమ్మం దాటాక వచ్చే డోర్నకల్ జంక్షన్ విజయవాడ నుంచి వరంగల్ వెళ్లే రైలు ప్రయాణికులకు తెలిసిందే. అప్పట్లో అది అడవిని ఆనుకున్న చిన్న ఊరు. ముప్పై అయిదేళ్ల వయసులో ఆ తమిళుడు తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టారు. ఎదుటివారి భాష రాకుండా వారి మనసు తెలియదు కదా!

1910 జూన్‌లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. సుమారు 1,200 మంది ప్రతినిధుల్లో ఆసియావాసులు ఇరవై మంది కూడా లేరు. వారిలో అజరయ్య ఒకరు. దొరలకూ దేశీయ సేవకులకూ మధ్య సహకారం గురించి మాట్లాడమంటే, ఆయన ముఖస్తుతి చేయలేదు. మిషనరీల త్యాగాన్ని కృతజ్ఞతతో తలచుకుంటూనే, వారికీ దేశీయ సేవకులకూ మధ్య యజమానికీ జీతగాడికీ ఉన్న సంబంధమే మిగిలిందని సూటిగా చెప్పారు. ఒకే ప్రభువు సేవలో ఉన్నవారు ఒకే బల్ల దగ్గర భోంచేయలేకపోతున్నారని బాధపడ్డారు. పౌలు కొరింథీయులకు చెప్పిన ప్రేమను గుర్తుచేసి, మాకు ధనమూ త్యాగమూ ఇచ్చారు గనుక ఇప్పుడు స్నేహితులను కూడా ఇవ్వమని అర్థించారు. సభలో కొందరు నొచ్చుకున్నారు. కాలం గడిచాక ఆ మహాసభలో చేసిన ప్రసంగాలన్నిటిలో అదే ఎక్కువగా గుర్తుండిపోయింది.

1912 డిసెంబర్ 29న కలకత్తా సెయింట్ పాల్ కెథీడ్రల్‌లో ఆయనకు బిషప్‌గా అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే. ఆ నియామకం తెల్లవారిలో కొందరికీ నచ్చలేదు, మనవారిలో కొందరికీ నచ్చలేదు. ఆయన ఎవరితోనూ వాదానికి దిగకుండా ఎడ్లబండి ఎక్కి పల్లెలకు వెళ్లారు. తర్వాతి కాలంలో కృష్ణా ప్రాంత సంఘాలు కూడా డోర్నకల్ అధ్యక్ష ఖండంలో చేరాయి. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ బందరులో మొదలుపెట్టిన పరిచర్య ఫలం ఆ విధంగా ఒక దేశీయ కాపరి చేతికి వచ్చింది.

అసలు పరీక్ష ఇక్కడే ఉంది. ఎడిన్‌బరోలో అజరయ్య తనకంటే పైనున్న వారిని స్నేహం అడిగారు. డెల్టా పల్లెల్లో, తెలంగాణ గూడేల్లో తనకంటే కిందనున్నారని లోకం అనుకునే వారికి ఆయనే స్నేహం ఇవ్వాలి. అడగడం కంటే ఇవ్వడం కష్టం. ఆయన సంఘంలో అత్యధికులు మాలలు, మాదిగలు. ఊరికి దూరంగా ఉన్న ఆ రెండు పేటలూ ఒకదానికొకటి కూడా దూరమే. ఇద్దరూ ప్రభువును నమ్మారు గానీ ఒకరి పక్కన ఒకరు కూర్చోవడానికి మనసొప్పలేదు. ఆయన ఆ వాడలకు వెళ్లారు. ప్రభువు బల్ల దగ్గర మాల క్రైస్తవుడూ మాదిగ క్రైస్తవుడూ ఒకే గిన్నెలో పాలుపొందాలని పట్టుబట్టారు. మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగు బంధకాల నుంచి కూడా సువార్త విడిపించాలని బోధించారు. మారిన బతుకులను కళ్లారా చూసి, 1930ల నాటికి ఇతర కులాల రైతుకుటుంబాలూ వేల సంఖ్యలో సంఘంలోకి వచ్చాయి. అంతకుముందు అంటరాదన్న మనుషులే వారికి సువార్త సాక్షులయ్యారు.

క్రైస్తవుడైతే దొరలా మారాలన్న అపోహను ఆయన ఒప్పుకోలేదు. భజనలను, తెలుగు కీర్తనలను, పల్లె పండుగల సంబరాన్ని ఆరాధనలోకి తెచ్చారు. డోర్నకల్‌లో ఎన్నో ఏళ్లు శ్రమించి కట్టించిన కెథీడ్రల్ 1939 జనవరిలో ప్రతిష్ఠ జరుపుకుంది. అందులో హిందూ, ముస్లిం, క్రైస్తవ నిర్మాణ రీతులు కలిసి కనిపిస్తాయి. పొరుగువారి చేతిపనిలోని అందాన్ని గుర్తించిన మనసే అలాంటి మందిరాన్ని ఊహించగలదు.

మతమార్పిడుల విషయంలో గాంధీగారికీ ఆయనకూ 1930లలో తీవ్రమైన అభిప్రాయ భేదం వచ్చింది. అణగారిన మనిషికి తన విశ్వాసాన్ని తానే ఎంచుకునే హక్కు ఉందని అజరయ్య గట్టిగా నిలబడ్డారు. అదే మనిషి, క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని కూడా అంతే గట్టిగా చెప్పారు. సంఘం చుట్టూ గోడ కట్టుకుంటే పొరుగువాణ్ని ఎలా ప్రేమిస్తామన్నది ఆయన ఆందోళన. నమ్మకాన్ని వదులుకోకుండా, పొరుగును వదులుకోకుండా జీవించడం ఆయన్ను చూసి నేర్చుకోవాలి.

సంఘాల చీలిక కూడా ఆయన్ను బాధించింది. 1919లో తరంగంబాడిలో 33 మంది సేవకులు సమావేశమై సంఘాల ఐక్యతకు పిలుపునిచ్చినప్పుడు ఆ సభకు అధ్యక్షత వహించింది అజరయ్యే. ఆ ఫలం చూడకుండానే 1945 జనవరి 1న డోర్నకల్‌లో కన్నుమూశారు. 1947 సెప్టెంబర్ 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. మోషే కొండ మీద నుంచి చూసిన దేశంలోకి యెహోషువ తరం నడిచింది.

ఈ జీవితం మన ముందు ఒక ప్రశ్న ఉంచుతుంది. గవర్నర్‌పేట వీధుల్లో పక్కపక్కనే దుకాణాలు నడుపుకుంటూ, పక్కపక్కనే మందిరాలు కట్టుకుంటూ బతుకుతున్నాం. మన సంఘాల్లో కులం పేరు పైకి అనకపోయినా, పెళ్లి సంబంధం దగ్గర, సంఘపెద్దల ఎన్నిక దగ్గర, శ్మశానం దగ్గర అది తలెత్తుతూనే ఉంది. పెద్దవారు మనల్ని చిన్నచూపు చూస్తే నొచ్చుకుంటాం. మనం ఎవరిని చిన్నచూపు చూస్తున్నామో లెక్కవేసుకోం.

తన శిష్యులను దాసులని పిలవక స్నేహితులని పిలిచాడు యేసు ప్రభువు. తన తండ్రి దగ్గర విన్నదంతా వారికి తెలియజేశాడు. అంటే దేవుని మనసు మనకు తెలిసింది స్నేహం ద్వారానే. మనిషి మనసు తెలిసేదీ అదే దారిలో. ఈ ఆదివారం బల్ల దగ్గరకు వెళ్లే ముందు, ఇంతవరకు మనం గుమ్మం తొక్కని ఒక సోదరుని ఇంటికి వెళ్లి, ఆయన పెట్టింది తిని, ఆయన చెప్పేది విందాం. దేవుడు మనకు ఆ కృప అనుగ్రహించును గాక! ఆమేన్.