యూరోకు బాట వేసిన పియెర్ వెర్నర్

ఈ ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవితం రాయమని సంపాదకవర్గం వారు కోరారు. మన జాతీయ నాయకుల గురించి మిత్రులు ఎలాగూ రాస్తారు గనుక నేను లక్సెంబర్గ్ ప్రధాని పియెర్ వెర్నర్‌ను ఎంచుకున్నాను. ట్రెజరీలో ముప్పై ఏళ్ళకు పైగా పద్దులు చూసినవాడికి ఆర్థిక మంత్రుల మీదకు మనసు పోవడం సహజమే కదా!

వెర్నర్ 1913 డిసెంబరు 29న ఫ్రాన్సులో లిల్ నగరం దగ్గర జన్మించారు. తల్లిదండ్రులు లక్సెంబర్గ్ వారు. న్యాయశాస్త్రం చదివి, బ్యాంకులో పనిచేసి, యుద్ధానంతరం బ్యాంకుల పర్యవేక్షణ చూశారు. 1953 చివర ఆర్థిక మంత్రి అయ్యారు. 1959 నుంచి 1974 వరకు, తిరిగి 1979 నుంచి 1984 వరకు ప్రధాన మంత్రి. ఆ దేశం విస్తీర్ణం 2,586 చదరపు కిలోమీటర్లు మాత్రమే. మన జిల్లాలు అనేకం దానికన్నా పెద్దవి. 1921లోనే బెల్జియంతో ఆర్థిక సంఘం కట్టిన దేశం కావడంతో, పొరుగువారి నాణేన్ని నమ్ముకోవడంలోని సుఖమూ కష్టమూ ఆయనకు బాగా తెలుసు.

1969 డిసెంబరులో హేగ్‌లో ఆరు దేశాల అధినేతలు ఆర్థిక, ద్రవ్య సంఘం ఏర్పాటు చేసుకోవాలని తీర్మానించారు. పథకం తయారుచేసే కమిటీకి వెర్నర్ అధ్యక్షులు. అక్కడ పెద్ద పేచీ వచ్చింది. ముందు అందరి ఆర్థిక విధానాలు ఒక దారికి రావాలని జర్మన్లు, ముందు మారకపు రేట్లు బిగిస్తే విధానాలు వాటంతటవే సర్దుకుంటాయని ఫ్రెంచివారు పట్టుబట్టారు. రెండూ జోడెద్దుల్లా కలిసి నడవాలని వెర్నర్ ఇద్దరినీ ఒప్పించారు. 1970 అక్టోబరు 8 నాటి నివేదిక పదేళ్ళ గడువు పెట్టింది. కేంద్ర బ్యాంకుల ఉమ్మడి వ్యవస్థ ఒకవైపు, బడ్జెట్ల మీద అధికారం ఉండి యూరపు పార్లమెంటుకు జవాబు చెప్పే ఆర్థిక నిర్ణయ కేంద్రం మరొకవైపు ఉండాలన్నది. నా దృష్టిలో ఈ రెండోదే ఆయన అసలు గొప్పదనం.

కాలం కలిసిరాలేదు. 1971 ఆగస్టులో అమెరికా డాలరుకు బంగారంతో ఉన్న ముడి తెంచింది. 1973లో చమురు సంక్షోభం. ఎవరి దారి వారిదే అయింది.

1992లో మాస్ట్రిక్ట్ ఒప్పందం కుదిరినప్పుడు కేంద్ర బ్యాంకు వచ్చింది గాని నిర్ణయ కేంద్రం రాలేదు. బడ్జెట్ లోటు స్థూల దేశీయోత్పత్తిలో 3 శాతం దాటరాదన్న నిబంధనతో సరిపెట్టారు. మన రాష్ట్రాలకు రూపాయి ఒకటే, కేంద్రం నుంచి పన్నుల వాటా కూడా వస్తుంది. వారికి అంత పెద్ద ఉమ్మడి ఖజానా లేదు. ఆ లోటు పూడ్చడానికే యూరో దేశాల ఆర్థిక మంత్రులు 1998 జూన్‌లో లక్సెంబర్గ్‌లోని సెన్నింగెన్ భవనంలో తొలిసారి సమావేశమయ్యారు. అదే యూరోగ్రూప్.

2002 జనవరిలో యూరో నాణేలు చేతికి వచ్చేనాటికి వెర్నర్‌కు 88 ఏళ్ళు. ఆ జూన్ 24న కన్నుమూశారు. మరుసటి ఏడాదే ఫ్రాన్స్, జర్మనీ 3 శాతం గీత దాటితే తోటి మంత్రులు చర్య వాయిదా వేశారు. పెద్దలకు మెమో ఇవ్వడం ఎక్కడైనా కష్టమే! 2010లో గ్రీసు అప్పు తీర్చలేని స్థితికి రాగా, 11,000 కోట్ల యూరోల సాయానికి ఆ మంత్రులే సమకూడవలసి వచ్చింది. అందుకు బదులుగా గ్రీసులో జీతాలూ పింఛన్లూ కోత పడ్డాయి. 2012లో ఇలాంటి ఆపదల కోసం శాశ్వత నిధి పెట్టుకున్నారు. దాని కార్యాలయం లక్సెంబర్గ్‌లోనే ఉంది.