బొమ్మలిచ్చి భృతి పుచ్చుకున్న చిత్రకారుడు జాన్ ట్రంబుల్

అమెరికా రెండు డాలర్ల నోటు మన కంటపడేది చాలా అరుదు. 1976 నుంచి ఆ నోటు వెనకవైపు ఒక బొమ్మ అచ్చవుతోంది. పెద్ద హాలు, నడుమ ఒక బల్ల, దాని ముందు కాగితాలు పట్టుకుని నిలబడ్డ ఐదుగురు, చుట్టూ కూర్చుని చూస్తున్న పెద్దమనుషులు. స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకాలు చేస్తున్న దృశ్యమని చాలామంది అనుకుంటారు గానీ, అది ముసాయిదాను సభకు సమర్పిస్తున్న దృశ్యం. ఆ బొమ్మ వేసిన చిత్రకారుడే జాన్ ట్రంబుల్.

అంబేడ్కర్ గారి గురించీ, ఫూలే దంపతుల గురించీ మన సంచికల్లో ఎన్నోసార్లు రాసుకున్నాం. ఈసారి సముద్రాల అవతలి చిత్రకారుణ్ణి ఎందుకు తెచ్చామని మిత్రులు అడగవచ్చు. 75 ఏళ్ల వయసులో ఆయన చేసిన ఒక పని బీద విద్యార్థుల చదువుతో ముడిపడి ఉంది. అది దానమా, బేరమా అన్న విషయం మీద మాలో మాకే రెండు పక్షాలు ఏర్పడ్డాయి. అందుకే ఈ వ్యాసం.

ట్రంబుల్ 1756 జూన్ 6న కనెక్టికట్‌లోని లెబనాన్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి తర్వాతి కాలంలో కనెక్టికట్ గవర్నరయ్యాడు. చిన్నతనంలోనే మెట్ల మీంచి పడి ఒక కంటిచూపు దాదాపు పోగొట్టుకున్నాడు. చిత్రకారుడికి ఇంతకంటే పెద్ద దెబ్బ ఏముంటుంది? అయినా బొమ్మలు మానలేదు. తండ్రికి కొడుకు లాయరో మతబోధకుడో కావాలని కోరిక. బొమ్మలు వేసుకుంటే అన్నం పుడుతుందా అన్నది ఆయన భయం. కొడుకు ముసలితనం చూస్తే ఆ భయం పూర్తిగా తప్పు కాదనిపిస్తుంది.

హార్వర్డ్‌లో 1773లో పట్టా పుచ్చుకుని, యుద్ధం రాగానే సైన్యంలో చేరాడు. శత్రువుల కోటల నమూనాలు గీసిచ్చి జార్జి వాషింగ్టన్ దృష్టిలో పడి, కొన్నాళ్లు ఆయన దగ్గర సహాయాధికారిగా పనిచేశాడు. తన నియామక పత్రం మీద తేదీ సరిగా వేయలేదని అలిగి 1777లో రాజీనామా ఇచ్చేశాడు. మనిషి అభిమానధనుడు. ఆ అభిమానం ఆయనకు జీవితమంతా నష్టమే తెచ్చింది.

చిత్రకళ నేర్చుకుందామని 1780లో లండన్ వెళ్లి బెంజమిన్ వెస్ట్ దగ్గర చేరాడు. శత్రుదేశపు మనిషి గనుక అక్కడ పట్టుకుని జైల్లో పెట్టారు. వెస్ట్ చొరవతో కొన్ని నెలలకు బయటపడ్డాడు. యుద్ధం ముగిశాక మళ్లీ అదే గురువు దగ్గరికి వెళ్లి, తన దేశపు విప్లవ ఘట్టాలన్నీ వరసగా బొమ్మలుగా వేయాలని సంకల్పించుకున్నాడు. 1786లో పారిస్‌లో థామస్ జెఫర్సన్ ఇంట్లో ఉండగా స్వాతంత్ర్య ప్రకటన బొమ్మ మొదలైంది. ఊహించి ముఖాలు వేయడం ఆయనకు ఇష్టం లేదు. ఊరూరా తిరిగి, బతికున్నవాళ్లను ఎదురుగా కూర్చోబెట్టి ఒక్కొక్క ముఖమే వేశాడు. ఏళ్లు పట్టింది. మనుషులంతా సమానులని ప్రకటించిన ఆ హాల్లోని పెద్దల్లో చాలామంది బానిసలకు యజమానులు. జెఫర్సన్ కూడా వారిలో ఒకడే. ఆ బొమ్మ చూసేటప్పుడు మనలాంటి వాళ్లం ఈ సంగతి మరిచిపోకూడదు.

1817లో అమెరికా కాంగ్రెస్ తమ భవనంలో పెట్టడానికి నాలుగు పెద్ద చిత్రాలు వేయమని పని అప్పగించింది. ఒక్కొక్కటి 12 అడుగుల ఎత్తు, 18 అడుగుల వెడల్పు. నాలుగింటికీ కలిపి 32,000 డాలర్లు. ఆయన సంపాదనలో పెద్ద మొత్తం అదే. అప్పులు ఆ డబ్బును చాలావరకు మింగేశాయి. 1824లో భార్య శారా చనిపోయింది. అదే రోజుల్లో న్యూయార్క్‌లో తాను అధ్యక్షుడుగా ఉన్న కళా సంస్థలో విద్యార్థులతో గొడవ. బొమ్మలు గీయడం నేర్చుకుందామని పొద్దున్నే వచ్చిన కుర్రాళ్లు తలుపులు తీయక బయటే పడిగాపులు కాసేవారు. అడిగితే సంస్థ పెద్దలు విసుక్కునేవారు. విసిగిపోయి వాళ్లు శామ్యూల్ మోర్స్ నాయకత్వంలో 1826లో వేరే అకాడమీ పెట్టుకున్నారు. తర్వాత టెలిగ్రాఫుతో పేరు తెచ్చుకున్న మోర్స్ ఈయనే. ఈ విషయంలో మేము కుర్రాళ్ల పక్షమే.

75 ఏళ్లు వచ్చేసరికి ట్రంబుల్ పరిస్థితి ఇదీ: గది నిండా చిత్రాలు, చేతిలో డబ్బు లేదు, కొనేవాడు లేడు. విడివిడిగా అమ్మితే నాలుగు రాళ్లు వచ్చేవేమో. కానీ ఒక యుద్ధం కథ అంతా ఒకచోట ఉండాలని బతుకంతా వేసిన బొమ్మలు తలో ఇంటికీ చెదిరిపోతాయి. అప్పుడు దారి చూపినవాడు అన్నగారి అల్లుడు బెంజమిన్ సిల్లిమన్. ఆయన న్యూ హేవెన్ ఊళ్లోని యేల్ కాలేజీలో సైన్సు ప్రొఫెసరు. ఈ యేల్ పేరు వెనక కూడా మన వైపు సంగతి ఒకటుంది. మద్రాసు సెయింట్ జార్జి కోటలో ఈస్టిండియా కంపెనీ గవర్నరుగా చేసి సొమ్ము కూడబెట్టుకున్న ఎలిహు యేల్ సరుకు, పుస్తకాలు పంపిస్తే, 1718లో ఆ కాలేజీకి ఆయన పేరు పెట్టారు.

1831 డిసెంబరులో కాలేజీకీ ట్రంబుల్‌కూ ఒప్పందం కుదిరింది. చిన్నవీ పెద్దవీ కలిపి వందకు పైగా చిత్రాలు కాలేజీకి ఇస్తాడు. వాటి కోసం కాలేజీ భవనం కడుతుంది. ఆయన బతికున్నంతకాలం ఏటా 1000 డాలర్లు చెల్లిస్తుంది. చిత్రాలను అమ్మకూడదు, విడదీయకూడదు. ఆయన కాలం చేశాక, బొమ్మలు చూడటానికి వచ్చేవారి రుసుము మీద వచ్చే ఆదాయం ఆ కాలేజీలో చదివే బీద విద్యార్థుల ఖర్చులకు పోవాలి.

ఇచ్చినదానికి డబ్బు పుచ్చుకుంటే దానమెలా అవుతుందని మాలో ఒక పక్షం వాదన. మిగతావాళ్లం లెక్క వేసి చూశాం. ఒప్పందం తర్వాత ఆయన సుమారు 12 ఏళ్లు బతికాడు. ఏటా వెయ్యి చొప్పున అది దాదాపు 12 వేల డాలర్లు. కాంగ్రెస్ ఒక్క చిత్రానికి ఇచ్చింది 8 వేలు. అంటే ఒకటిన్నర చిత్రం ధరకు వందకు పైగా చిత్రాలు కాలేజీకి దక్కాయి. అమ్మకం అయితే ఆ ధరకు ఎవరిస్తారు? పూర్తిగా దానమే చేసేసి ఉంటే ముసలాయన తినేదేమిటి? ఈ రెంటికీ మధ్య ఉన్న దారి అది.

ఆ దారి తర్వాత బాగా వాడుకలోకి వచ్చింది. 1843లో అమెరికన్ బైబిల్ సొసైటీ కూడా ఇలాంటి ఏర్పాటు చేసింది. నేడు అమెరికాలో విశ్వవిద్యాలయాలు, ఆస్పత్రులు, చర్చిలు ఈ పద్ధతిలో విరాళాలు తీసుకుంటున్నాయి. దాత ఆస్తి ఇస్తాడు. సంస్థ ఆయన వయసు చూసి ఏడాదికి ఇంత అని నిర్ణయించి, చనిపోయేదాకా చెల్లిస్తుంది. వయసు పైబడినవారికి ఎక్కువ వస్తుంది, ఎందుకంటే చెల్లించవలసిన ఏళ్లు తక్కువ. త్వరగా పోతే సంస్థకు ఎక్కువ మిగులుతుంది. నూరేళ్లు బతికినా సంస్థ మాట తప్పడానికి లేదు.

మన ఊళ్లలోనూ ఇలాంటిది ఉన్నదే. ముసలివాళ్లు ఉన్న ఎకరం చూసుకునేవాళ్ల పేర రాసిచ్చి, బతికున్నంతకాలం తిండీ బట్టా వాళ్లదే అంటారు. రిజిస్ట్రేషన్ అయిన మర్నాటి నుంచి కంచంలో అన్నం తగ్గిపోయిన ఇళ్లు మనందరికీ తెలుసు. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని 23వ సెక్షన్ అందుకే పనికొస్తుంది. పోషించాలన్న షరతుతో రాసిచ్చిన ఆస్తిని, ఆ షరతు తప్పితే రద్దు చేయమని ట్రిబ్యునల్‌ను అడగవచ్చు. ట్రంబుల్ కూడా మాట మీద వదలకుండా అన్నీ కాగితం మీద పెట్టించాడు. బంధువే మధ్యవర్తి అయినా సరే.

బీద విద్యార్థులు అన్న మాటలో ఆనాడు ఎవరున్నారో కూడా చెప్పాలి. ఒప్పందానికి మూడు నెలల ముందు, 1831 సెప్టెంబరులో, అదే న్యూ హేవెన్ ఊళ్లో నల్లజాతి యువకుల కోసం ఒక కాలేజీ పెడదామనే ప్రతిపాదన వచ్చింది. ఊరి పెద్దలు సభ పెట్టి ఓట్లు వేశారు. వద్దన్నవారు సుమారు 700 మంది. కావాలన్నవారు నలుగురు. రిచర్డ్ హెన్రీ గ్రీన్ అనే నల్లజాతి విద్యార్థి యేల్‌లో డిగ్రీ అందుకున్నది 1857లో. ట్రంబుల్ రాసిచ్చిన సాయం ఆ గేటు దాటి లోపలికి రాగలిగిన పేదలకే. గేటు బయట నిలబెట్టినవారి చదువు సంగతి ఆ కాగితంలో లేదు. బానిసత్వంతో తనకున్న సంబంధాలకు యేల్ 2024లో బహిరంగంగా క్షమాపణ చెప్పింది.

భవనం నమూనా ట్రంబులే గీశాడు. 1832లో తెరిచిన ఆ గ్యాలరీ అమెరికాలో ఒక కాలేజీకి అనుబంధంగా వెలిసిన మొదటి చిత్రశాల. తర్వాత కొన్నేళ్లు ఆయన న్యూ హేవెన్‌లో సిల్లిమన్ ఇంట్లోనే ఉండి ఆత్మకథ రాశాడు. అది 1841లో అచ్చయింది. 1843 నవంబరు 10న న్యూయార్క్‌లో 87వ ఏట కన్నుమూశాడు.

తాను వేసిన వాషింగ్టన్ నిలువెత్తు చిత్రం కింద, భార్య పక్కన పూడ్చాలన్నది ఆయన కోరిక. గ్యాలరీ అడుగున అలాగే చేశారు. ఆ భవనం చాలక 1860లలో చిత్రాలను మరో భవనానికి మార్చినప్పుడు దంపతుల అవశేషాలను కూడా అక్కడికి తరలించారు. ఆయన కట్టించిన పాత గ్యాలరీని 1901లో పడగొట్టారు. 1928లో కొత్త గ్యాలరీ వచ్చినప్పుడు బొమ్మలతోపాటు మళ్లీ వాళ్లనూ తీసుకెళ్లారు. ఇవాళ ఆ గ్యాలరీలోకి వెళ్లడానికి టికెట్టు లేదు.